ఆంక్షల పద్దు ఎవరి పేరన?

స్వాతంత్ర్యం రావడానికి ఏడాది ముందే, 1946 జులై 17న, భారత ప్రభుత్వం దక్షిణాఫ్రికాతో వ్యాపారం ఆపేసింది. అప్పటికి మన ఎగుమతుల్లో ఐదు శాతం పైచిలుకు ఆ దేశానికే వెళ్లేవి. తగాదా సరిహద్దు గురించి కాదు, బాకీ గురించీ కాదు. భారతీయులు ఏ వీధిలో స్థలం కొనవచ్చో, ఏ వీధిలో కొనకూడదో తేల్చే చట్టం ఒకటి ఆ ఏడాది అక్కడ వచ్చింది. జనం దానికి ‘ఘెట్టో చట్టం’ అని పేరు పెట్టారు. పరాయి ప్రభుత్వం తన గడ్డ మీది మనుషులను ఎలా చూస్తోందన్న ఒక్క కారణంతో మన దేశం తన లాభాన్ని వదులుకుంది.

ఆ మనుషులు ఎక్కడివాళ్లు? 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు గిరిమిట్ (కూలి ఒప్పందం) మీద ఓడెక్కినవాళ్లు లక్షా యాభై రెండు వేల మంది. వాళ్లలో మూడింట రెండొంతులు మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్లు. అందులో తెలుగువాళ్లను విశాఖ, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుంచి చేర్చుకున్నారు. జలంత్రకోట, సోంపేట, టెక్కలి ప్రాంతాలు అప్పట్లో గంజాం జిల్లాలోవే. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డాక విశాఖ జిల్లాలోకి, 1950లో కొత్తగా ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చాయి.

మానవహక్కుల పేరుతో విధించే ఆర్థిక ఆంక్షల గురించి ఢిల్లీలో, వాషింగ్టన్‌లో ఎన్నో పుస్తకాలు వచ్చాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరం నుంచి చూస్తే ఆ చర్చ మరోలా కనిపిస్తుంది. ఎవరి కోసం ఆంక్ష విధించారో వాళ్లూ ఈ తీరపు జనంలో ఉన్నారు, ఎవరి కోసం విధించకుండా ఊరుకున్నారో వాళ్లూ ఉన్నారు, ఎవరో విధించిన ఆంక్షకు కూలి పోగొట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఈ ముగ్గురి అనుభవాన్నీ పక్కపక్కన పెడితే తేలేది ఒకటే: ఆంక్ష మంచిదా చెడ్డదా అన్న వాదం కన్నా ముందు, దాని ఖర్చు ఎవరి పద్దులో పడుతోంది, ఆ ఖర్చుకు వాళ్లు ఒప్పుకున్నారా అన్నది తేల్చుకోవాలి.

ఒక జీడిపిక్కల బిల్లు

ఆర్థిక ఆంక్ష అనగానే యుద్ధనౌకలు రేవును చుట్టుముట్టిన దృశ్యం కళ్లముందు మెదులుతుంది. ఇప్పుడు ఆ పని బ్యాంకుల్లోని కంప్యూటర్లు చేస్తున్నాయి. పలాస-కాశీబుగ్గ జీడి వ్యాపారాన్ని తీసుకుంటే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ఉద్దానం తోటల్లో పండే పిక్కలు ఇక్కడి ఫ్యాక్టరీలకు ఏడాది పొడుగునా సరిపోవు. ఐవరీ కోస్ట్, బెనిన్ లాంటి పశ్చిమాఫ్రికా దేశాల నుంచి ఓడల్లో తెప్పించుకోవాలి. కొనేది తెలుగు వ్యాపారి, అమ్మేది ఆఫ్రికా వ్యాపారి, అయినా బిల్లు డాలర్లలో ఉంటుంది. డాలర్ల చెల్లింపు సాధారణంగా న్యూయార్క్‌లోని ఏదో ఒక బ్యాంకు గుండా పోవాల్సిందే.

అమెరికా ట్రెజరీ శాఖలో ఓఫాక్ అనే కార్యాలయం ఉంది. అది ప్రకటించే పేర్ల జాబితాతో ప్రతి కాగితాన్నీ పోల్చి చూస్తారు. అమ్మినవాడి పేరు, ఓడ పేరు, దాని ఐఎంఓ గుర్తింపు నంబరు, ఓడ యజమాని, బీమా కంపెనీ, దారిలో ఆగిన రేవు, అన్నీ చూస్తారు. ఒక్కటి కలిసినా, కలిసిందేమోనన్న అనుమానం వచ్చినా డబ్బు అక్కడే ఆగుతుంది. జాబితాలో ఉన్నవాళ్లకు సగం, ఆపైన వాటా ఉన్న కంపెనీ అయితే, దాని పేరు జాబితాలో లేకపోయినా ఆంక్ష వర్తిస్తుంది. డబ్బు ఆగితే సరుకు విడిపించే కాగితాలు చేతికి రావు. రేవులో అద్దె ఎక్కుతూ ఉంటుంది. ఫ్యాక్టరీకి పిక్కలు అందకపోతే తొక్క తీసే ఆడవాళ్లకు ఆ పూట పని ఉండదు. వాళ్ల కూలి కిలోల లెక్కన.

నిబంధన తప్పితే ఎంత పడుతుందో 2014లో ప్రపంచం చూసింది. సూడాన్, ఇరాన్, క్యూబా చెల్లింపులు నడిపినందుకు ఫ్రాన్స్‌కు చెందిన బీఎన్‌పీ పారిబా బ్యాంకు దాదాపు 897 కోట్ల డాలర్లు కట్టుకుంది. అప్పటినుంచి బ్యాంకులకు పట్టుకున్న భయం చిన్నది కాదు. చట్టం వద్దనని వాటిని కూడా అవే వద్దంటున్నాయి. ఆహారానికి, మందులకు మినహాయింపు ఉందని నిబంధనల్లో రాసి ఉంటుంది. ఆ చెల్లింపును ముట్టుకునే బ్యాంకు మాత్రం దొరకదు. ఆంక్షల మీద రాసేవాళ్లలో చాలామంది చట్టం మాటలు చదివి ఆగిపోతారు. దెబ్బ తగిలేది చట్టంలో రాసినదానికంటే ఎక్కువగా ఈ భయం వల్ల.

పిక్కలు పండే దేశం మీదే ఆంక్షలు పడిన సందర్భమూ ఉంది. 2010 నవంబరు ఎన్నికల్లో ఓడిపోయిన ఐవరీ కోస్ట్ అధ్యక్షుడు లారెంట్ గ్బాగ్బో కుర్చీ దిగనన్నాడు. 2011 జనవరిలో యూరోపియన్ యూనియన్ అబిజాన్, శాన్ పెడ్రో రేవుల సంస్థలను ఆంక్షల జాబితాలో చేర్చింది. పశ్చిమాఫ్రికా దేశాల ఉమ్మడి కేంద్ర బ్యాంకు అతనికి ఖజానా అందకుండా చేసింది. ఫిబ్రవరిలో పెద్ద విదేశీ బ్యాంకులు తలుపులు మూశాయి. ఏప్రిల్ 11న గ్బాగ్బో పట్టుబడ్డాడు. అయితే చివరి దెబ్బ కొట్టింది ప్రత్యర్థి సైన్యం, దానికి తోడు నిలిచిన ఫ్రెంచ్, ఐక్యరాజ్యసమితి బలగాలు. ఆంక్షలే దించాయనడం ఎంత తప్పో, అవేమీ చేయలేదనడమూ అంతే తప్పు.

ఇందులో మరో మెలిక ఉంది. విదేశీ పిక్కల వల్లే తమకు ధర రావడం లేదని ఉద్దానం రైతులు అంటున్నారు. 80 కిలోల బస్తాకు 16 వేల రూపాయలు మద్దతు ధర ఇవ్వాలన్నది వాళ్ల డిమాండు. ఆఫ్రికా రేవు మూతపడితే ఫ్యాక్టరీకి నష్టం, తోట రైతుకు బేరం. ఎక్కడో విధించిన ఆంక్ష ఒకే మండలంలో ఒకరికి దెబ్బగా, మరొకరికి ఊరటగా మారవచ్చు. ‘ఆంక్షల వల్ల దేశానికి నష్టం’ అనే మాటలో దేశం అంటే ఎవరో అడగాల్సి వచ్చేది ఇందుకే.

అడిగి తెచ్చుకున్న కష్టం

ఆంక్షలను సమర్థించే ప్రతివాడూ దక్షిణాఫ్రికా పేరు చెబుతాడు. ఆ కథలో ఒక తెలుగువాడి పాత్ర మనవాళ్లలో చాలామందికి తెలియదు. నెల్లూరు జిల్లాలో 1924లో పుట్టిన ఏనుగ శ్రీనివాసులు రెడ్డి 1949లో ఐక్యరాజ్యసమితి ఉద్యోగంలో చేరాడు. వర్ణవివక్షపై ఏర్పడిన ప్రత్యేక కమిటీ 1963లో పని మొదలుపెట్టినప్పుడు దానికి కార్యదర్శి ఆయనే. తర్వాత వర్ణవివక్ష వ్యతిరేక కేంద్రానికి డైరెక్టరుగా ఉండి, 1985లో సహాయ సెక్రటరీ జనరల్ హోదాలో పదవీ విరమణ చేశాడు. 2020లో కన్నుమూశాడు. ఈ.ఎస్. రెడ్డి అంటే దక్షిణాఫ్రికాలో గౌరవంగా తలచుకుంటారు. ఆ దేశం ఆయనకు ఆలివర్ టాంబో పురస్కారం ఇచ్చింది.

భద్రతా మండలిలో పశ్చిమ దేశాలు అడ్డుపడుతుంటే ఆ కమిటీ పక్కదారులు వెతికింది. సంఘాలు, చర్చిలు, విశ్వవిద్యాలయాలు, క్రీడాకారులు, గాయకులు, ఎవరి చేతిలో ఉన్నది వాళ్లు బహిష్కరించేలా కూడగట్టింది. 1962లో సర్వసభ్య సభ ఆర్థిక ఆంక్షలు కోరింది. 1977 నవంబరు 4న భద్రతా మండలి ఆయుధాల నిషేధాన్ని అన్ని దేశాలకూ తప్పనిసరి చేసింది. అసలు నొప్పి 1985లో పుట్టింది. చేజ్ మన్హాటన్ బ్యాంకు పాత అప్పులను తిరగరాయనంది. మిగతా బ్యాంకులూ అదే దారి పట్టడంతో దక్షిణాఫ్రికా విదేశీ అప్పుల చెల్లింపు నిలిపివేసింది. మరుసటి ఏడాది అమెరికా కాంగ్రెస్ అధ్యక్షుడు రేగన్ వీటోను తోసిపుచ్చి ఆంక్షల చట్టం చేసింది. 1990లో మండేలా విడుదలయ్యాడు.

నల్లజాతి గని కార్మికులకు, తోట కూలీలకు ఆంక్షల వల్ల నష్టం జరగలేదా? జరిగింది. అయితే ఆ నష్టాన్ని వాళ్ల నాయకులు దాచలేదు. తమ జనానికి కష్టం తప్పదని, కానీ రక్తపాతపు రోజులు తగ్గుతాయంటే ఆ మూల్యం చెల్లించడానికి సిద్ధమని ఆల్బర్ట్ లుతులి 1959లోనే చెప్పాడు. 1985లో పుట్టిన కార్మిక సమాఖ్య కొసాటు ఆంక్షలకు మద్దతిచ్చింది. ఎప్పుడు ఎత్తెయ్యాలో కూడా వాళ్లే చెప్పారు. 1993 సెప్టెంబరు 24న మండేలా ఐక్యరాజ్యసమితికి వెళ్లి ఇక చాలు అన్నాక దేశాలు ఒక్కొక్కటిగా ఆంక్షలు సడలించాయి. అడగడం, భరించడం, ఆపమనడం, మూడూ బాధితుల చేతిలోనే ఉన్నాయి. తర్వాత వచ్చిన ఆంక్షల్లో ఇది దాదాపు ఎక్కడా కనిపించదు.

కువైట్‌లో ఆకలి

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. నాలుగు రోజులకే భద్రతా మండలి 661వ తీర్మానంతో ఇరాక్ మీద, దాని ఆక్రమణలో ఉన్న కువైట్ మీద వ్యాపార దిగ్బంధం పెట్టింది. కువైట్‌లో అప్పటికి లక్షా డెబ్బై వేలకు పైగా భారతీయులున్నారు. వాళ్లలో కడప, గోదావరి జిల్లాల నుంచి ఇళ్లలో వంటకు, డ్రైవర్ పనికి వెళ్లినవాళ్లు ఎందరో. దేశాన్ని ఆక్రమించిన సైన్యానికి తిండి ముందు దొరికింది. మనవాళ్లకు దొరకలేదు. తన మనుషులకు బియ్యం పంపించుకోవడానికి భారతదేశం న్యూయార్క్‌లోని ఆంక్షల కమిటీ ముందు అర్జీ పెట్టుకోవాల్సి వచ్చింది. ఆహారం పంపే పద్ధతి మీద సెప్టెంబరు 13న 666వ తీర్మానం వచ్చాకే కొచ్చి నుంచి ‘విశ్వ సిద్ధి’ ఓడ ఆహారంతో కదిలింది. ఈలోగా అమ్మాన్ దారిలో విమానాల మీద జనాన్ని తెచ్చుకున్నాం.

తర్వాతి కథ ఇంకా ఇబ్బందికరమైంది. ఇరాక్ చమురు ఆదాయంలో కొంత భాగం పక్కన పెట్టి బాధితులకు చెల్లించడానికి ఐక్యరాజ్యసమితి పరిహార కమిషన్ ఏర్పడింది. మొదట్లో ఆ వాటా 30 శాతం. కువైట్ వదిలి వచ్చిన ఒక్కొక్కరికి 2,500 నుంచి 4,000 డాలర్ల దాకా అందింది. 2022 నాటికి కమిషన్ చెల్లించినది మొత్తం 5,240 కోట్ల డాలర్లు. తెలుగు ఇళ్లకూ ఆ డబ్బు వచ్చింది. అది వాళ్లకు న్యాయంగా రావాల్సిందే. అదే సమయంలో ఇరాక్ ఆసుపత్రుల్లో మందులు లేవు. అక్కడ మానవతా సాయ కార్యక్రమాన్ని నడిపిన ఐక్యరాజ్యసమితి అధికారులు డెనిస్ హాలిడే 1998లో, హాన్స్ వాన్ స్పోనెక్ 2000లో నిరసనగా రాజీనామా చేశారు. అయిదు లక్షల మంది పిల్లలు చనిపోయారని అప్పట్లో ప్రచారమైన లెక్క మాత్రం నిలవలేదు. సద్దాం ప్రభుత్వం సర్వే అంకెలను తారుమారు చేసిందని 2017లో ఒక వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. బాధ నిజం, అంకె అబద్ధం. ఆంక్షలను తిట్టేవాళ్లూ పొగిడేవాళ్లూ ఈ రెండింటిలో తమకు పనికొచ్చేదే పట్టుకుంటారు.

రంగం వెళ్లినవాళ్లు

ఉద్దానం తీరానికి బర్మా దూరదేశం కాదు. గోపాలపూర్, బారువ, కళింగపట్నం, భీమిలి రేవుల్లో స్టీమరెక్కి కోతలకు, బియ్యం మిల్లులకు, రంగూన్ రేవు పనికి ‘రంగం’ (బర్మాకు ఇక్కడివాళ్ల పేరు) వెళ్లిరావడం మూడు తరాల అలవాటు. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో తెలుగువాళ్లు సుమారు లక్షా అరవై వేలు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె తర్వాత జరిగిన అల్లర్లలో వందలమంది చనిపోయారు. 1942లో జపాన్ దాడికి జనం అడవుల గుండా నడిచి వచ్చారు. 1962లో నే విన్ సైనిక పాలన మొదలైంది. దుకాణాలు, మిల్లులు జాతీయమయ్యాయి. 1964 మే 17న 50, 100 చాట్ నోట్లు చెల్లవన్నారు. దాచుకున్నది ఒక్క రోజులో చిత్తుకాగితమైంది. ఆ సంవత్సరాల్లో దాదాపు మూడు లక్షల మంది భారతీయులు వట్టి చేతులతో వెనక్కి వచ్చారు. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు ఆ వలసకు గుర్తు.

దక్షిణాఫ్రికాలో ఇంటి స్థలం కోసం వ్యాపారం తెంచుకున్న దేశం, బర్మాలో ఇల్లూ వాకిలీ లాక్కుంటే ఓడలు పంపి జనాన్ని తెచ్చుకుని ఊరుకుంది. ఆంక్ష మాటే ఎత్తలేదు. 1962 చైనా యుద్ధం ముగిసి రెండేళ్లే అయింది. ఈశాన్య సరిహద్దులో రంగూన్‌తో పొరపొచ్చాలు పెట్టుకునే స్థితిలో ఢిల్లీ లేదు. మానవహక్కుల కొలత దేశాన్ని బట్టి మారుతుందని మనకు పాఠం చెప్పింది అమెరికా కాదు, మన ప్రభుత్వమే.

1988 తిరుగుబాటును అణచివేసి, 1990 ఎన్నికల ఫలితాన్ని సైన్యం తొక్కిపెట్టాక పశ్చిమ దేశాల ఆంక్షలు వచ్చాయి. అమెరికా 1997లో కొత్త పెట్టుబడులను, 2003లో దిగుమతులను నిషేధించింది. ఆంగ్ సాన్ సూకీ వాటిని సమర్థించారు. కానీ దిగుమతుల నిషేధంతో ఉద్యోగం పోయింది బట్టల ఫ్యాక్టరీల్లోని వేలాది ఆడపిల్లలకు. సైన్యానికి డబ్బు తెచ్చిపెడుతున్న సహజవాయువు థాయిలాండ్‌కు పోతూనే ఉంది. 2016లో ఎత్తేసిన ఆంక్షలు 2021 ఫిబ్రవరి 1 కుట్ర తర్వాత వేరే రూపంలో తిరిగొచ్చాయి. ఈసారి గురి సైన్యం సొంత వ్యాపార సంస్థల మీద. ఎంఈసీ, ఎంఈహెచ్ఎల్ అనే రెండు సంస్థలను 2021 మార్చిలో, రెండు ప్రభుత్వ బ్యాంకులను 2023 జూన్‌లో అమెరికా జాబితాకెక్కించింది. ప్రభుత్వ చమురు-సహజవాయు సంస్థ మోజ్ మీద యూరప్ 2022లో ఆంక్ష పెట్టింది. అమెరికా 2023 చివరలో దానికి ఆర్థిక సేవలు అందించడాన్ని నిషేధించింది.

దీని వేడి మన దాకా వచ్చింది. గంగవరం, కృష్ణపట్నం రేవులు నడిపే అదానీ పోర్ట్స్ సంస్థ యాంగూన్‌లో ఎంఈసీ దగ్గర కౌలుకు తీసుకున్న స్థలంలో కంటెయినర్ టెర్మినల్ మొదలుపెట్టింది. ఆంక్షల తర్వాత అందులో ఉండలేక 2023లో 3 కోట్ల డాలర్లకు అమ్ముకుని బయటపడింది. ఇంత పెద్ద సంస్థను కదిలించింది మన చట్టం కాదు, పెట్టుబడిదారుల, బ్యాంకుల ఒత్తిడి.

ఇప్పుడు రెండు సరుకులను పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి మినుములు. మనం దిగుమతి చేసుకునే మినుముల్లో చాలా భాగం మయన్మార్ (నాటి బర్మా)వే. అక్కడి మినుములు రాకపోతే ఇక్కడ ఇడ్లీ పిండి ధర పెరుగుతుంది. ఏడాదికి రెండున్నర లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు కొంటామని 2021లో అయిదేళ్ల ఒప్పందం చేసుకున్నాం. 2024 జనవరిలో డాలరు ప్రమేయం లేకుండా పంజాబ్ నేషనల్ బ్యాంకు ద్వారా రూపాయల్లో చెల్లించే దారి తెరిచాం. రెండోది గ్యాస్. బంగాళాఖాతంలో మనకు ఎదురు ఒడ్డున, రఖైన్ తీరానికి దూరంగా ష్వే గ్యాస్ క్షేత్రం ఉంది. అందులో మన ఓఎన్‌జీసీ విదేశ్‌కు 17 శాతం, గెయిల్‌కు 8.5 శాతం వాటా. మోజ్‌కు 15 శాతం. గ్యాస్ వెళ్లేది ముఖ్యంగా చైనాకు.

మినుముల డబ్బులో దళారీ, ఎగుమతిదారు, పన్నుల అధికారి తలా కొంత తిన్నా చివరికి అక్కడి రైతుకు కొంత చేరుతుంది. గ్యాస్ డబ్బు తిన్నగా సైన్యం గుప్పిట్లోని సంస్థకు పోతుంది. రెండింటినీ ‘మయన్మార్‌తో వ్యాపారం’ అని ఒకే గాటన కట్టేవాడు మానవహక్కుల వాదీ కాదు, జాతీయ ప్రయోజనాల వాదీ కాదు. మినుములు కొనడం మానుకోనక్కర్లేదు. గ్యాస్ వాటా గురించి మాత్రం సంజాయిషీ చెప్పాలి.

లెక్కలు ఏమంటున్నాయి

ఆంక్షలు ఎంతవరకు నెగ్గుతాయన్న దానిపై ఎక్కువగా ఉదహరించే పరిశోధన గ్యారీ హఫ్‌బౌర్ బృందానిది. 200 పైచిలుకు సందర్భాలు చూసి, మూడింట ఒక వంతులో కొంతైనా ఫలితం వచ్చిందన్నారు. చిన్న కోరికలు తీర్చుకోవడానికి సగం సందర్భాల్లో పనికొచ్చాయి. అంతకు ముందే రాబర్ట్ పేప్ ఆ బృందపు పాత సమాచారాన్ని తిరగేసి, వాళ్లు అప్పట్లో విజయాలన్న నలభైలో అయిదే నిలుస్తాయన్నాడు. మిగతా వాటిలో యుద్ధమో, యుద్ధ భయమో పని చేసిందని ఆయన వాదన. 2025లో ‘లాన్సెట్ గ్లోబల్ హెల్త్’లో వచ్చిన ఒక అధ్యయనం ఏకపక్ష ఆంక్షల వల్ల ఏడాదికి 5,64,000 మరణాలు సంభవిస్తున్నాయని అంచనా కట్టింది. అది గణాంకాల నమూనా మీద వచ్చిన అంచనా, శవాల లెక్క కాదు. అయినా చనిపోయేవాళ్లలో పసిపిల్లలు ఎక్కువన్న దాని సారాంశాన్ని తోసిపుచ్చడం కష్టం.

తాజా ఉదాహరణ నైజర్. 2023 జులైలో అక్కడ సైనిక కుట్ర జరిగితే పొరుగు దేశాల కూటమి ఎకోవాస్ సరిహద్దులు మూసి, కేంద్ర బ్యాంకులోని డబ్బు స్తంభింపజేసింది. నైజీరియా కరెంటు ఆపేసింది. సైన్యం దిగలేదు. ఏడు నెలలకు మానవతా కారణాలతో ఆంక్షలు ఎత్తేశారు. ఈలోగా నైజర్, మాలీ, బుర్కినా ఫాసో కూటమి నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించాయి.

పేరు పేరునా గురి

ఇరాక్ అనుభవం తర్వాత దేశాన్ని వదిలి దోషిని పట్టుకుందామన్న ఆలోచన బలపడింది. రష్యాలో జైల్లో చనిపోయిన సెర్గీ మాగ్నిట్‌స్కీ పేరుతో అమెరికా 2012లో చట్టం చేసి, 2016లో దాన్ని ప్రపంచమంతటికీ వర్తింపజేసింది. బ్రిటన్, యూరోపియన్ యూనియన్ 2020లో అదే బాట పట్టాయి. వీసా ఇవ్వరు, ఖాతా స్తంభిస్తుంది, ఆస్తి అమ్ముకోనివ్వరు. సామాన్యుడి మీద భారం చాలా తక్కువ. ఇది నిజంగా మెరుగైన పనిముట్టు.

కానీ పట్టుకున్న చేతిని బట్టి దాని గురి మారుతోంది. 2025లో అమెరికా అదే తరహా ఆంక్షలను అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు న్యాయమూర్తుల మీద, ఐక్యరాజ్యసమితి మానవహక్కుల నిపుణురాలు ఫ్రాంచెస్కా అల్బనీజ్ మీద వేసింది. అదే ఏడాది జులైలో మయన్మార్ సైన్యానికి దగ్గరివాళ్ల మీద ఆంక్షలు కొన్ని ఎత్తేసింది. అంతకు ముందే సైనికాధిపతి మిన్ ఆంగ్ హ్లైంగ్ అధ్యక్షుడు ట్రంప్‌ను పొగుడుతూ లేఖ రాశాడు. ఎందుకు పెట్టారో, ఎందుకు తీశారో చెప్పాల్సిన బాధ్యత లేని ఆంక్ష శిక్ష అనిపించుకోదు, బేరం అనిపించుకుంటుంది.

మన ఇంటి సంగతి

భారతదేశం భద్రతా మండలి విధించిన ఆంక్షలనే గుర్తిస్తానంటుంది. వాటి అమలుకు 1947 నాటి చట్టం ఒకటుంది. మానవహక్కుల కారణంగా సొంతంగా ఆంక్ష విధించే చట్టం లేదు. దక్షిణాఫ్రికా తర్వాత మరొక్కసారి, 1987లో ఫిజీలో సైనికాధికారి రబూకా కుట్ర చేసి భారతీయుల మద్దతుతో నెగ్గిన ప్రభుత్వాన్ని కూలదోసినప్పుడు, మనం వ్యాపారం ఆపేశాం. అక్కడి భారతీయుల్లోనూ 1903 నుంచి మద్రాసు డిపో దాటి వెళ్లిన తెలుగు గిరిమిటియాల సంతతి ఉంది. ఫిజీ తలొగ్గలేదు. 1990లో మన దౌత్య కార్యాలయాన్నే మూయించింది. రెండు సందర్భాల్లోనూ కదిలించింది మానవహక్కులతో పాటు మన రక్తసంబంధం.

ఈ మధ్య వైఖరి మరీ ముడుచుకుపోయింది. మయన్మార్‌పై 2022 డిసెంబరులో భద్రతా మండలి చేసిన తీర్మానానికి ఓటు వేయకుండా తప్పుకున్నాం. అదే నెలలో, అన్ని ఆంక్షల నుంచీ మానవతా సాయాన్ని మినహాయించే 2664వ తీర్మానానికి పద్నాలుగు దేశాలు ఓటేస్తే ఒక్క భారతదేశమే తటస్థంగా ఉంది. ఉగ్రవాద సంస్థలు ఆ మినహాయింపును వాడుకుంటాయన్నది మన అభ్యంతరం. పాకిస్తాన్ అనుభవం దృష్ట్యా అది కొట్టిపారేయదగ్గది కాదు. కానీ 1990లో కువైట్‌లో తిండి కోసం అదే మండలి గుమ్మం ముందు నిలబడ్డ దేశం ఆ రోజు ఒంటరిగా పక్కకు తప్పుకోవడం వింతగానే ఉంది.

మనమూ ఆంక్షల రుచి చూసినవాళ్లమే. 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత హైదరాబాద్‌లోని రక్షణ, అణు సంస్థలు అమెరికా నిషేధ జాబితాలోకి వెళ్లాయి. అదే జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌కు సుమారు 54 కోట్ల డాలర్ల రుణం మాత్రం ప్రపంచ బ్యాంకు మంజూరు చేసింది. 2025 ఆగస్టు 27న రష్యా చమురు కొంటున్నందుకు అమెరికా మన సరుకుల మీద అదనంగా 25 శాతం సుంకం వేసింది. చమురు శుద్ధి చేసిన కంపెనీలకు ఆ దెబ్బ తగల్లేదు. తగిలింది రొయ్యల చెరువులకు. మన రొయ్యల ఎగుమతుల్లో పెద్ద వాటా ఆంధ్రది, అతిపెద్ద కొనుగోలుదారు అమెరికా. శ్రీకాకుళం తీరంలో వనామీ పెంచే రైతుకు ఉక్రెయిన్ యుద్ధంతో ఏ సంబంధమూ లేదు.

ఓడల మీద పనికి వెళ్లే ఉద్దానం కుర్రాళ్ల సంగతి ఇంకో రకం. ఆంక్షలు తప్పించుకోవడానికి జెండాలు, పేర్లు మార్చుకుంటూ తిరిగే పాత ట్యాంకర్ల దండు ఒకటి తయారైంది. పట్టుబడితే యజమాని మాయమవుతాడు, సిబ్బంది జీతం లేక ఓడ మీదే ఉండిపోతారు. అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య లెక్కన 2024లో 312 ఓడల మీద 3,133 మందిని యజమానులు ఇలా వదిలేశారు. అందరికన్నా ఎక్కువ భారతీయులే, 899 మంది. వీటికి కారణాలు రకరకాలు, అన్నీ ఆంక్షల ఫలితం కావు. కానీ ఏజెంటుకు డబ్బు కట్టి వెళ్లే కుర్రాడికి తాను ఎక్కబోయే ఓడ జాబితాలో ఉందో లేదో చెప్పేవాడు లేడు.

చేయదగ్గది

ఇంత చూశాక ఆంక్షలన్నీ వద్దనడం తేలిక, అన్నీ కావాలనడమూ తేలికే. దేశాల మీద దిగ్బంధం మనకు వద్దు. సైన్యాలతో, వాటి కంపెనీలతో, హింసకు ఉత్తరువులిచ్చిన వ్యక్తులతో లావాదేవీలు ఆపే ఇరుకైన చట్టం మాత్రం కావాలి. ఎవరి పేరు ఎందుకు చేర్చారో, ఏం చేస్తే తీసేస్తారో అందులో రాసి ఉండాలి. ఏడాదికోసారి పార్లమెంటు సమీక్షించాలి. ఆంక్ష కింద ఉన్న దేశపు జనం దాన్ని కోరుకుంటున్నారా అన్నది ఆ సమీక్షలో మొదటి ప్రశ్న కావాలి.

ఆహారం, మందులు, కూలీల జీతాలు నడిచే బ్యాంకు దారిని ముందే తెరిచి ఉంచాలి. 2012లో ఇరాన్ విషయంలో యూకో బ్యాంకు రూపాయి ఖాతాతో బియ్యం, టీ, మందులు నడిపించాం కాబట్టి ఇది చేతకాని పని కాదు. సంతబొమ్మాళి మండలంలో మూలపేట రేవు కడుతున్నారు. అక్కడ ఓడలు ఆగడం మొదలయ్యేలోగా, ఓడ నంబరు చెబితే అది ఏ జాబితాలో ఉందో తెలుగులో చెప్పే చిన్న కార్యాలయం ఒకటి ఆ తీరంలో ఉండటం న్యాయం.

వీటికన్నా ముందు చేయగలిగింది ఇంకొకటుంది. ష్వే గ్యాస్‌లో మన రెండు ప్రభుత్వ సంస్థలకు ఏటా వచ్చే లాభమెంత, అదే బావుల మీద మయన్మార్ సైనిక ప్రభుత్వానికి పోతున్నదెంత అని ఉత్తరాంధ్ర ఎంపీ ఎవరైనా లోక్‌సభలో అడగవచ్చు. ఆ ప్రశ్నకు ఏ కొత్త చట్టమూ అక్కర్లేదు.